సీడబ్ల్యూలో క్లిక్స్ ఉన్నాయంటున్నారు, చర్ప్ ఉందంటున్నారు – ఎక్కడి నుంచి వెతకాలి?

శ్రీధర్_40ఎం
అందరికీ నమస్కారం. కొంతకాలంగా 40 మీటర్ల హ్యామ్ బ్యాండ్‌లో నా సీడబ్ల్యూ (మోర్స్ సంకేతాలు) గురించి ఫిర్యాదులు వస్తున్నాయి. ఒకాయన సిగ్నల్ రిపోర్ట్‌గా 579సీ ఇచ్చారు. ఇంకొకాయన 599 ఇచ్చి, చివర్లో "కే" కలిపి పంపారు. మొన్న ఒక ఓఎం (తోటి హ్యామ్), "నువ్వున్న చోటికి 2 కిలోహెర్ట్జ్ అవతల కూర్చున్నా నీ టక్ టక్ నాకు వినిపిస్తోంది" అని నేరుగానే చెప్పారు. కొందరైతే కాల్‌సైన్ మొదటి అక్షరమే తప్పుగా రాసుకుంటున్నారు.

నా సెటప్ ఇది: డీఎస్‌పీ (డిజిటల్ సిగ్నల్ ప్రాసెసింగ్) రాకముందు తరం 100 వాట్ల రిగ్ (ట్రాన్స్‌సీవర్), 13.8 వోల్టుల సప్లై, అవసరమైనప్పుడు ఒక లీనియర్ (పవర్ పెంచే ఆంప్లిఫయర్), ఇన్వర్టెడ్ వీ యాంటెనా, బయటి కీయర్ (డిట్ అంటే చుక్క, డా అంటే గీత – వాటిని తయారుచేసే పెట్టె), దానికి పాడిల్ (వేళ్లతో నొక్కే మీట). యాంటెనా మ్యాచింగ్ చూపే ఎస్‌డబ్ల్యూఆర్ 1.3. సైడ్‌టోన్ (పంపేటప్పుడు నాకు వినిపించే టోన్) మాత్రం అద్దంలా ఉంది, ఎక్కడా వంక పెట్టడానికి లేదు. అందుకే ఏమీ అర్థం కావడం లేదు. రిగ్ మార్చేయాల్సిందేనా?

మీటర్‌మాస్టారు
శ్రీధర్ గారూ, రిగ్ మార్చే ఆలోచన ఇప్పుడే వద్దు. ముందు సైడ్‌టోన్ మీద నమ్మకం వదిలేయండి. చాలా రిగ్గుల్లో ఆ టోన్ లోపలే వేరే ఆసిలేటర్‌తో తయారై నేరుగా స్పీకర్‌కి వెళ్తుంది. గాలిలోకి వెళ్తున్న సిగ్నల్‌తో దానికి ఏ సంబంధమూ ఉండదు. ఫైనల్ స్టేజ్ నానా అవస్థ పడుతున్నా సైడ్‌టోన్ మాత్రం హాయిగా పాడుతూనే ఉంటుంది.

రెండో సంగతి. "సీ" అంటే చర్ప్, అంటే కీ నొక్కిన క్షణంలో ఫ్రీక్వెన్సీ జారడం. "కే" అంటే కీ క్లిక్స్, అంటే డిట్ అంచులు మరీ నిటారుగా ఉండటం. ఇవి రెండు వేరు వేరు జబ్బులు. ఒకే మందుతో పోవాలని లేదు. ఆర్‌ఎస్‌టీ (స్పష్టత, బలం, టోన్‌లకి అంకెలిచ్చే) పద్ధతి 1934 నుంచి ఉంది, ఆ చివరి అక్షరాలు దానికి తర్వాత తగిలించినవైనా నేటికీ పనికొస్తాయి. కాకపోతే పోటీల్లో అందరూ కళ్లు మూసుకుని 599 ఇచ్చేస్తారు కాబట్టి, మీకు సీ, కే ఇచ్చినవాళ్లు నిజంగా విని ఇచ్చారని అర్థం. వాళ్లకి మీరు రుణపడి ఉండాలి.

ఇప్పుడు నాకు కావాల్సింది ఒక్కటే. ఏ రిపోర్ట్ వచ్చినప్పుడు లీనియర్ ఆన్‌లో ఉంది, ఏది వచ్చినప్పుడు లేదు? లాగ్ చూసి చెప్పండి.

క్యూఎస్‌కే_కిరణ్
ఇంత వివరం ఎందుకండీ? రైజ్ టైమ్ (డిట్ అంచు పైకెక్కే సమయం) మెనూ ఉంటే 8 మిల్లీసెకన్లకి పెట్టేయమనండి, క్లిక్స్ పోతాయి. నేనైతే 2 దగ్గర పెడతాను. పైలప్‌లో (ఒకే స్టేషన్‌ని చాలామంది ఒకేసారి పిలిచేటప్పుడు) పదునైన కీయింగే చొచ్చుకుపోతుంది. కానీ ఆయనకి కావాల్సింది నిశ్శబ్దం కాబట్టి 8.

శ్రీధర్_40ఎం
కిరణ్ గారూ, నా రిగ్‌లో ఆ మెనూ లేదు, పాతది.

మాస్టారూ, మీరు అడిగాక లాగ్ తిరగేశాను. ఇది నాకు ఇంతవరకు తట్టలేదు. చర్ప్ అన్నవాళ్లందరితో నేను లీనియర్ లేకుండా, నేరుగా 100 వాట్లతో మాట్లాడాను. క్లిక్స్ అన్నవాళ్లతో లీనియర్ ఉంది, రిగ్‌ని 30 వాట్లకి తగ్గించాను. మొదటి అక్షరం పోయిన సందర్భాలు కూడా లీనియర్ ఉన్నప్పుడే.

మీటర్‌మాస్టారు
సగం పని అయిపోయినట్టే. రెండు చోట్ల వెతకాలి. చర్ప్ పెద్ద కరెంట్ లాగినప్పుడు వస్తోంది, అంటే అనుమానం సప్లై దారి మీద. 100 వాట్ల దగ్గర మీ రిగ్ సుమారు 20 ఆంపియర్లు లాగుతుంది, 30 వాట్ల దగ్గర అంతకంటే చాలా తక్కువ. అందుకే లీనియర్ ఉన్నప్పుడు చర్ప్ గురించి ఎవరూ అనలేదు.

డమ్మీ లోడ్ (యాంటెనా బదులు పెట్టే రెసిస్టర్) పెట్టండి. కీ నొక్కి ఉంచి మల్టీమీటర్‌ని సప్లై దగ్గర కాదు, రిగ్ వెనక ప్లగ్ దగ్గర పెట్టి చూడండి. తర్వాత మీటర్‌ని మిల్లీవోల్ట్ రేంజ్‌కి మార్చి దారిలో ఒక్కో ముక్క మీద ఎంత వోల్టేజ్ పోతోందో కొలవండి: తీగ ఈ కొస నుంచి ఆ కొసకి, ఫ్యూజ్ హోల్డర్ ఇటు నుంచి అటుకి, ప్రతి కనెక్టర్ మీద. నెగటివ్ తీగని వదిలేయకండి, చాలామంది అక్కడే వదిలేస్తారు. కొలవడం కొన్ని సెకన్లలో ముగించండి, ఫైనల్స్‌ని అనవసరంగా కాల్చొద్దు.

వాటర్‌ఫాల్_వాసు
శ్రీధర్ గారూ, మాస్టారు చెప్పినవి చేస్తూనే ఇంకో పని కూడా చేయండి. మీ సిగ్నల్‌ని మీరే దూరం నుంచి వినండి. నెదర్లాండ్స్‌లో ట్వెంటె విశ్వవిద్యాలయం వెబ్‌ఎస్‌డీఆర్ (ఇంటర్నెట్‌లో వినగలిగే రిసీవర్) ఉంది, అలాంటివే ఇంకా ఎన్నో కివీఎస్‌డీఆర్‌లు ఉన్నాయి. మీ సిగ్నల్ అందే రిసీవర్ ఒకటి ఎంచుకుని, వాటర్‌ఫాల్‌ని (ఫ్రీక్వెన్సీని కాలంతో పాటు చూపే చిత్రం) బాగా జూమ్ చేసి, ఒక "వీవీవీ" పంపి రికార్డ్ చేయండి. చర్ప్ ఉంటే ప్రతి డిట్ మొదట్లో గీత కొక్కెంలా వంగి కనిపిస్తుంది. క్లిక్స్ ఉంటే ప్రతి డిట్ మొదట్లో, చివర్లో గీతకి రెండువైపులా అడ్డంగా మసక చారలు పరుచుకుంటాయి. ప్రధాన గీత పక్కనే 50 లేదా 100 హెర్ట్జ్ దూరంలో ఇరువైపులా సన్నటి గీతలుంటే అది హమ్, సప్లై ఫిల్టరింగ్ చూసుకోవాలి.

ఒక జాగ్రత్త. పక్కింట్లో ఎస్‌డీఆర్ డాంగిల్ పెట్టి చూస్తే మాత్రం మోసపోతారు. ఆ 8 బిట్ల డాంగిల్ మీ 100 వాట్ల ధాటికి తట్టుకోలేక తనే చారలు పుట్టిస్తుంది, అవి మీవి అనుకుంటారు. యాంటెనా తీసేసి, అటెన్యుయేటర్ పెట్టి, సిగ్నల్ స్థాయి బాగా తగ్గించాకే చూడాలి.

ఇదే కారణంగా ఎదుటివాళ్ల రిపోర్టుని కూడా ఒక్కసారి తరచి చూడండి. రిసీవర్‌లో నాయిస్ బ్లాంకర్ ఆన్‌లో ఉంటే శుభ్రమైన సిగ్నల్‌కి కూడా క్లిక్స్ పుడతాయి. ఎదుటి రిసీవర్ ఓవర్‌లోడ్ అయినా అంతే. "మీ నాయిస్ బ్లాంకర్ ఆపి, 20 డీబీ అటెన్యుయేటర్ వేసి మళ్లీ వినండి" అని మర్యాదగా అడగండి. అప్పుడూ క్లిక్స్ ఉన్నాయంటే అవి మీవే.

లత_క్యూఆర్‌పీ
చర్ప్ గురించి నాదో మాట, హోమ్‌బ్రూ (సొంతంగా రిగ్ తయారుచేసుకునే) వాళ్లకి పనికొస్తుంది. చిన్న క్రిస్టల్ ట్రాన్స్‌మిటర్లలో ఆసిలేటర్‌నే కీ చేస్తే చర్ప్ దాదాపు ఖాయం. ఆసిలేటర్ మొదలై స్థిరపడేలోపే గాలిలోకి వెళ్లిపోతుంది కదా. దానికి తోడు ఫైనల్ ఒక్కసారిగా కరెంట్ లాగితే సప్లై కుంగి ఫ్రీక్వెన్సీ ఇంకా జారుతుంది.

మందు రెండు రకాలు. ఆసిలేటర్‌కి విడిగా ఒక రెగ్యులేటర్, చిన్న 9 వోల్టులదైనా చాలు. ఇంకా ఆసిలేటర్‌ని నడుస్తూ ఉండనిచ్చి తర్వాతి బఫర్‌ని కీ చేయడం. అయితే రెండో పద్ధతిలో కీ ఎత్తినప్పుడు కూడా సన్నగా క్యారియర్ లీకవుతుంది, దాన్ని బ్యాక్‌వేవ్ అంటాం. దగ్గర్లో ఉన్నవాళ్లకి డిట్ల మధ్య ఖాళీల్లో కూడా టోన్ వినిపిస్తుంటే అదే. షీల్డింగ్ పెంచాలి, లేదా ఒకటికి రెండు స్టేజ్‌లు కీ చేయాలి.

కొత్తచెవి
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. లైసెన్స్ ఈమధ్యే వచ్చింది. నాకు వేరే రకం టెన్షన్. పాడిల్ వదిలేసినా డిట్లు ఆగకుండా పోతున్నాయి. 20 మీటర్లలో మాత్రమే, అదీ 50 వాట్లు దాటితేనే. 5 వాట్ల దగ్గర అసలు రాదు. పాడిల్ కొత్తదే, కాంటాక్టులు కూడా మెరుస్తున్నాయి. ఎండ్‌ఫెడ్ (ఒక కొస నుంచి ఫీడ్ చేసే) యాంటెనా వాడుతున్నాను, దాని కొస కిటికీ లోంచి నేరుగా టేబుల్ దగ్గరికే వస్తుంది.

మీటర్‌మాస్టారు
తమ్ముడూ, జవాబు నీ ప్రశ్నలోనే ఉంది. పవర్ తగ్గిస్తే పోతోంది, ఒక్క బ్యాండ్‌లోనే వస్తోంది. ఇది పాడిల్ లోపం కాదు, ఆర్‌ఎఫ్ (రేడియో శక్తి) కీయర్‌లోకి దూరుతోంది. పాడిల్ తీగ చిన్న యాంటెనాలా పని చేసి, కీయర్‌కి ఎవరో కాంటాక్ట్ మూసినట్టు అనిపిస్తోంది.

పాడిల్ జాక్ దగ్గరే డిట్ లైన్ నుంచి గ్రౌండ్‌కి, డా లైన్ నుంచి గ్రౌండ్‌కి చెరో 10 నానోఫారడ్ సిరామిక్ కెపాసిటర్ పెట్టు, కాళ్లు వీలైనంత పొట్టిగా కత్తిరించు. పాడిల్ తీగని 31 రకం ఫెర్రైట్ రింగ్‌లో వీలైనన్ని చుట్లు తిప్పు. ఒక్క చుట్టుతో ఏమీ కాదు. ఇవన్నీ పైపూత. అసలు మందు యాంటెనా వైపే ఉంది: యాంటెనా కొసలోని ట్రాన్స్‌ఫార్మర్‌ని టేబుల్ నుంచి దూరంగా బయటికి జరిపి, కోయాక్స్‌తో తెచ్చి, ఆ కోయాక్స్ మీద కామన్ మోడ్ చోక్ పెట్టాలి. రేడియేట్ అయ్యే తీగ పక్కన కూర్చుని ఆపరేట్ చేయడం నీ ఆరోగ్యానికి కూడా మంచిది కాదు, అది ముందు చూసుకో.

వాటర్‌ఫాల్_వాసు
దీనికి తోడు, ఎప్పుడైనా రిగ్ ఆన్ చేయగానే ఆపకుండా డాలు వెళ్లిపోతుంటే ముందు ప్లగ్ చూడు. స్ట్రెయిట్ కీకి ఉండే మోనో ప్లగ్‌ని స్టీరియో జాక్‌లో పెడితే రింగ్ గ్రౌండ్ అయిపోతుంది. కీయర్ ఆన్‌లో ఉంటే పాడిల్ ఒకవైపు నొక్కి పట్టుకున్నారనే అనుకుంటుంది.

శ్రీధర్_40ఎం
మాస్టారూ, కొలిచాను. నాకే నమ్మబుద్ధి కాలేదు, అందుకని రెండు మీటర్లతో చూశాను.

సప్లై టెర్మినల్స్ దగ్గర కీ నొక్కినా 13.8 కదల్లేదు. రిగ్ వెనక ప్లగ్ దగ్గర మాత్రం 11.4. మధ్యలో 2.4 వోల్టులు మాయం. ముక్కలుగా చూస్తే ఫ్యూజ్ హోల్డర్ మీదే 1.6. తీగల్లో 0.6. నెగటివ్ వైపు రింగ్ లగ్ దగ్గర 0.2. హోల్డర్ తెరిచి చూస్తే ఫ్యూజ్ మూత దగ్గర ప్లాస్టిక్ గోధుమ రంగుకి తిరిగి, స్ప్రింగ్ వదులైపోయి ఉంది. బయటి నుంచి చూస్తే దానికి ఏ లోపమూ కనిపించదు.

మీటర్‌మాస్టారు
దొరికింది. లెక్క చూడండి: 20 ఆంపియర్ల దగ్గర 1.6 వోల్టులంటే ఆ హోల్డర్‌లో 32 వాట్లు వేడిగా పోతున్నాయి. ఒక చిన్న సోల్డరింగ్ ఐరన్ అక్కడ పెట్టినట్టే. చర్ప్ సంగతి అటుంచి, అది నిప్పు ప్రమాదం. ఈ రోజే మార్చండి.

ఇక 13.8కి 15 శాతం తగ్గిస్తే 11.7. చాలా రిగ్గుల స్పెసిఫికేషన్ అడుగు అదే. మీరు దాని కిందికి వెళ్లారు. కీ నొక్కిన ప్రతిసారీ లోపలి రెగ్యులేటర్లకి ఊపిరి చాలక ఫ్రీక్వెన్సీని పట్టి ఉంచే పీఎల్‌ఎల్ వోల్టేజ్ కుంగి, ఫ్రీక్వెన్సీ జారుతోంది. తీగలు ఎంత మందం?

శ్రీధర్_40ఎం
2.5 చదరపు మిల్లీమీటర్లు, రెండు మీటర్ల పొడవు.

మీటర్‌మాస్టారు
రాగి తీగ ఆ మందంలో మీటర్‌కి 7 మిల్లీఓమ్‌లు. పోయి రావడానికి 4 మీటర్లు, 28 మిల్లీఓమ్‌లు, 20 ఆంపియర్లకి 0.56 వోల్టులు. మీ మీటర్ సరిగ్గానే చెప్పింది. 6 చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే అది 0.24కి దిగుతుంది. తీగ పొట్టిగా కత్తిరిస్తే ఇంకా మంచిది. సప్లై వోల్టేజ్ పెంచి సర్దుకుందామని మాత్రం అనుకోవద్దు. కీ ఎత్తగానే రిగ్ మీద ఆ పెరిగిన వోల్టేజ్ మొత్తం పడుతుంది.

క్యూఎస్‌కే_కిరణ్
సరే, చర్ప్ తేలింది. క్లిక్స్ మాటేమిటి? లీనియర్ ఉన్నప్పుడే వస్తున్నాయంటే రిగ్ కీయింగ్ బాగానే ఉందన్నమాట. లీనియర్ అంటేనే లోపలికి వచ్చింది పెద్దది చేసి పంపేది. అది క్లిక్ ఎలా పుట్టిస్తుంది?

మీటర్‌మాస్టారు
మంచి ప్రశ్న, కిరణ్ గారూ. లీనియర్ లీనియర్‌గా ఉన్నంతసేపే మీరన్నది నిజం.

రిగ్ నుంచి వచ్చే డిట్ అంచు గుండ్రంగా ఉంటుంది. సున్నా నుంచి నిదానంగా మొదలై, మధ్యలో వేగంగా ఎక్కి, పైన మళ్లీ నిదానిస్తుంది. మొత్తం 5 మిల్లీసెకన్లనుకోండి. ఆ పై వంపులోనే అసలు విషయమంతా ఉంది. లీనియర్‌ని అతిగా డ్రైవ్ చేశామనుకోండి. ఎన్వలప్ (ఆ అంచు ఎత్తు) 60 శాతానికి చేరేసరికే దాని సామర్థ్యం అయిపోయిందనుకుందాం. అంటే ఇంచుమించు 2.8 మిల్లీసెకన్ల దగ్గర, అంచు అన్నింటికంటే నిటారుగా ఉన్న చోటే, పైభాగం కత్తిరించినట్టు ఆగిపోతుంది. గుండ్రటి భుజం పోయి మూల తేలుతుంది. ఆ మూలే క్లిక్. రిగ్ ఎంత చక్కగా షేప్ చేసినా లీనియర్ దాన్ని చెరిపేస్తుంది. క్లాస్ సీ ఫైనల్స్ కూడా ఇలాగే అంచుని పదును చేస్తాయి, అవి అడుగున ఒక స్థాయి దాటేదాకా మేల్కోవు కాబట్టి. లత గారికి ఇది తెలిసే ఉంటుంది.

లత_క్యూఆర్‌పీ
తెలుసు మాస్టారూ. అందుకే కీయింగ్ ట్రాన్సిస్టర్ బేస్ దగ్గర ఆర్‌సీ లెక్కేసి అక్కడితో వదిలేయకూడదని నేనూ అందరికీ చెబుతుంటాను. లెక్క ప్రకారం 2.2 కిలోఓమ్‌లు, 1 మైక్రోఫారడ్ అంటే 10 నుంచి 90 శాతానికి దాదాపు 5 మిల్లీసెకన్లు. కాగితం మీద బాగుంటుంది. యాంటెనా సాకెట్ దగ్గర ఆసిలోస్కోప్ పెట్టి చూస్తే అందులో సగం కూడా ఉండదు. చూడాల్సింది అక్కడే.

శ్రీధర్_40ఎం
నా దగ్గర పాతదే అయినా రెండు చానళ్ల ఆసిలోస్కోప్ ఉంది. ఎలా కలపాలో చెప్పండి.

మీటర్‌మాస్టారు
ముందు లీనియర్ లేకుండా. రిగ్‌కి, డమ్మీ లోడ్‌కి మధ్య టీ కనెక్టర్ పెట్టి అక్కడి నుంచి శాంపిల్ తీయండి. 50 ఓమ్‌ల మీద 100 వాట్లంటే 70.7 వోల్టులు ఆర్‌ఎంఎస్, పీక్ 100, పై నుంచి కిందికి 200. టెన్ ఎక్స్ ప్రోబ్‌తో 20 వోల్టులు కనిపిస్తుంది. లీనియర్ పెట్టినప్పుడు మాత్రం నేరుగా ప్రోబ్ పెట్టొద్దు. ఆ వోల్టేజ్ ఇంకా ఎక్కువ, పైగా ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ ప్రోబ్ తట్టుకునే వోల్టేజ్ పడిపోతుంది. రెసిస్టర్ డివైడర్ కట్టుకోండి, లేదా లోడ్ దగ్గర రెండు చుట్ల తీగతో శాంపిల్ తీయండి. మనకి కావాల్సింది ఆకారం, కొలత కాదు.

మొదటి చానల్ కీ లైన్‌కి, రెండోది ఆర్‌ఎఫ్‌కి. ట్రిగ్గర్ కీ లైన్ మీద. ఒక డివిజన్ 5 మిల్లీసెకన్లు. కీయర్‌ని 30 వేగానికి (నిమిషానికి 30 పదాలు) పెట్టి వరసగా డిట్లు పంపండి. 1200ని వేగంతో భాగిస్తే డిట్ పొడవు మిల్లీసెకన్లలో వస్తుంది, అంటే మీకు 40 కనిపించాలి. కీ 40 చూపించి ఆర్‌ఎఫ్ 28 చూపిస్తే, మిగతా 12 ఎక్కడ పోయాయో అది ఇంకో కథ.

మొదటి డిట్‌ని వేరుగా చూడండి. కాసేపు ఆపి, ఒకే ఒక్క డిట్ పంపి, సింగిల్ ట్రిగ్గర్‌లో పట్టుకోండి.

క్యూఎస్‌కే_కిరణ్
వేగం గురించి ఒక మాట. 40 వేగంలో డిట్ 30 మిల్లీసెకన్లే. 8 మిల్లీసెకన్ల రైజ్, 8 ఫాల్ పెడితే మెత్తగా ముద్దలా వినిపిస్తుంది. ఇది నా చెవులతో విన్నదే. అందుకే 2 అన్నాను.

వాటర్‌ఫాల్_వాసు
8 దగ్గర మీరు చెప్పింది ఒప్పుకుంటాను, ఆ వేగంలో కాస్త మెత్తబడుతుంది. కానీ దానికి విరుగుడు 2 కాదు. 4, 5 దగ్గర 40 వేగం కూడా స్పష్టంగానే ఉంటుంది.

"చొచ్చుకుపోతుంది" అన్నదానితో మాత్రం నేను ఏకీభవించను. మిమ్మల్ని వినాలనుకునే ఆయన 300 హెర్ట్జ్ ఫిల్టర్ పెట్టుకుని కూర్చుంటాడు. పదునైన అంచు వల్ల పుట్టే శక్తి ఆ ఫిల్టర్ బయట పడుతుంది, ఆయనకి అందదు. అది అందేది 700 హెర్ట్జ్ అవతల బలహీనమైన స్టేషన్‌ని వినడానికి తంటాలు పడుతున్న మూడో మనిషికి. అంతర్జాతీయ లెక్కలో 25 వేగం మోర్స్‌కి 100 హెర్ట్జ్ చాలు: వేగాన్ని 0.8తో గుణిస్తే 20 బాడ్, ఫేడింగ్ ఉన్న దారికి 5తో గుణిస్తే 100. ఎమిషన్ గుర్తు 100హెచ్‌ఏ1ఏ అనే రాస్తారు. అంత సన్నగా సరిపోయే సిగ్నల్‌ని 2 కిలోహెర్ట్జ్ పరిచేస్తే నష్టం మనందరికీ. ఇరుకైన బ్యాండ్‌లో ఇరుగుపొరుగు చూసుకోవాలి కదా.

క్యూఎస్‌కే_కిరణ్
ఫిల్టర్ మాట ఆలోచించాల్సిందే. ఈసారి పోటీకి 4 పెట్టి చూస్తాను. నా కాల్ పట్టుకోవడానికి ఎక్కువసార్లు పంపాల్సి వస్తే మాత్రం ఇక్కడికే వచ్చి చెబుతాను.

శ్రీధర్_40ఎం
తీగలు, ఫ్యూజ్ హోల్డర్ మార్చాను. ఇప్పుడు కీ నొక్కితే రిగ్ దగ్గర 13.4. వెబ్‌ఎస్‌డీఆర్‌లో చూస్తే డిట్ మొదట్లో ఉన్న వంపు పోయి గీత తిన్నగా నిలబడింది. చర్ప్ అన్న ఓఎంనే పిలిచి అడిగితే, ఈసారి సీ లేకుండా 599 ఇచ్చారు.

ఇక స్కోప్ సంగతి. రిగ్ ఒక్కటే, 100 వాట్లు: అంచు 4, 5 మిల్లీసెకన్ల మధ్య, గుండ్రంగా, చూడముచ్చటగా ఉంది. అదే రిగ్‌ని 30 వాట్లకి తగ్గిస్తే మొదటి డిట్ మొదట్లో ఒక కొమ్ములాంటిది లేస్తోంది, ఎత్తు చూస్తే పవర్‌లో ఇంచుమించు రెట్టింపు. రెండో డిట్ నుంచి లేదు. లీనియర్ కలిపితే అన్ని డిట్లూ పైన బల్లపరుపు, మూలలు నిటారు. పైగా మొదటి డిట్ దాదాపు సగమే ఉంది.

మీటర్‌మాస్టారు
చాలా బాగా చూశారు. మూడూ మూడు వేరు వేరు కారణాలు.

ఆ కొమ్ము ఏఎల్‌సీ (పవర్‌ని తనే అదుపు చేసే సర్క్యూట్) ఓవర్‌షూట్. రిగ్ లోపలి గెయిన్ 100 వాట్లకి తయారుగా ఉంటుంది. డిట్ మొదలయ్యాకే ఏఎల్‌సీ "ఇది ఎక్కువైంది" అని తెలుసుకుని 30కి దించుతుంది. అది దించేలోపు పోయిందే ఆ కొమ్ము. తర్వాతి డిట్లకి ఏఎల్‌సీ ఇంకా పట్టుకునే ఉంటుంది కాబట్టి లేవదు. కాసేపు ఆపి మళ్లీ మొదలుపెడితే మళ్లీ వస్తుంది. సాలిడ్ స్టేట్ లీనియర్లు కొన్ని సరిగ్గా దీనికే ట్రిప్ అవుతాయి. క్యారియర్ లేదా డ్రైవ్ నాబ్ వేరుగా ఉన్న రిగ్గుల్లో ఏఎల్‌సీ మీటర్ కదలీ కదలనట్టుండేలా దాన్ని తగ్గించి పవర్ దించుకోవచ్చు. లేకపోతే రిగ్‌ని ఎక్కువ పవర్‌లోనే నడిపి మధ్యలో 5 డీబీ అటెన్యుయేటర్ పెట్టాలి. అయితే అందులో 70 వాట్లు వేడవుతాయి, దానికి తగిన రెసిస్టర్లు కావాలి.

బల్లపరుపు పైభాగం ఓవర్‌డ్రైవ్, ఇందాక చెప్పిందే. డ్రైవ్ తగ్గిస్తూ స్కోప్ చూడండి. భుజాలు మళ్లీ గుండ్రంగా మారే చోట ఆగండి. వాట్ మీటర్ చూసి నిర్ణయించొద్దు, డిట్ల వేగానికి దాని ముల్లు సగటునే చూపిస్తుంది.

మూడోది లీనియర్‌ని ట్రాన్స్‌మిట్‌లోకి మార్చే రిలే. మామూలు లీనియర్ రిలే మూసుకోవడానికి 10 నుంచి 20 మిల్లీసెకన్లు పడుతుంది. అది మూసుకునేలోపే మీ రిగ్ ఆర్‌ఎఫ్ పంపేస్తోంది. మొదటి డిట్ తినేయడం ఒక నష్టం. ఆర్‌ఎఫ్ ప్రవహిస్తుండగా కాంటాక్టులు కదలడం అంతకంటే పెద్ద నష్టం: నిప్పురవ్వ, కాంటాక్టుల మీద గుంటలు, ఒక భారీ క్లిక్. సెమీ బ్రేక్‌ఇన్‌లో (డిట్ల మధ్య రిలే మూసుకునే ఉంటుంది) మొదటి డిట్‌కే ఈ బాధ. ఫుల్ బ్రేక్‌ఇన్‌లో అయితే ప్రతి డిట్‌కీ.

వాటర్‌ఫాల్_వాసు
మీ కాల్ మొదటి అక్షరం తప్పుగా రాసుకోవడానికి కారణం ఇదే. హెచ్‌కి నాలుగు డిట్లు, మొదటిది పోతే ఎస్. 5 అంకెలో ఒకటి పోతే హెచ్. వీలో మొదటి డిట్ పోతే యూ. అవతలి ఓఎం చెవిలో ఏ లోపమూ లేదు. రివర్స్ బీకన్ నెట్‌వర్క్‌లో మీ కాల్ వెతికి చూడండి. స్కిమ్మర్లు (సీడబ్ల్యూని తామే చదివే అక్కడి రిసీవర్లు) కూడా ఒక అక్షరం తేడాతో పట్టుకుని ఉంటే మొదటి డిట్ పోతోందనడానికి ఇంకో సాక్ష్యం.

శ్రీధర్_40ఎం
నా రిగ్‌లో ట్రాన్స్‌మిట్ డిలే మెనూ లేదు. మరి రిలేకి సమయం ఎలా ఇవ్వాలి?

మీటర్‌మాస్టారు
మీది బయటి కీయర్ అన్నారు. దానికి పీటీటీ (ట్రాన్స్‌మిట్‌లోకి మార్చే సంకేతం) అవుట్‌పుట్ ఉందేమో చూడండి. చాలా కీయర్లలో కీకి ముందు పీటీటీ ఎంతసేపు ఇవ్వాలో పెట్టుకోవచ్చు. ఆ పీటీటీతోనే రిగ్‌నీ లీనియర్‌నీ ముందుగా ట్రాన్స్‌మిట్‌లోకి తెచ్చి, 20 మిల్లీసెకన్ల తర్వాత మొదటి డిట్ మొదలయ్యేలా పెట్టండి. డిట్ పొడవు తగ్గదు, మొత్తం కాస్త ఆలస్యంగా వెళ్తుంది, అంతే. కలిపే ముందు లీనియర్ కీ లైన్ మీద ఎంత వోల్టేజ్ ఉందో కొలవండి. పాత ట్యూబ్ లీనియర్లలో అది కీయర్ ట్రాన్సిస్టర్‌ని కాల్చేసేంత ఉండొచ్చు. అలా ఉంటే మధ్యలో చిన్న బఫర్ పెట్టాలి.

కొత్తచెవి
మాస్టారూ, కెపాసిటర్లు, ఫెర్రైట్ పెట్టాక 50 వాట్ల దగ్గర ఆగిపోయింది. 80 దాటితే అప్పుడప్పుడు ఒకటి రెండు డిట్లు అదనంగా వస్తున్నాయి. ట్రాన్స్‌ఫార్మర్ బయటికి మార్చడానికి సరంజామా సమకూర్చుకుంటున్నాను. అంతవరకు 50 దాటను.

ఇంకో చిన్న సందేహం. కంప్యూటర్ నుంచి సౌండ్‌కార్డ్ టోన్‌ని ఎస్‌ఎస్‌బీలోకి (మాట పంపే మోడ్) పంపి సీడబ్ల్యూ చేస్తే ఈ బాధలేవీ ఉండవు కదా?

లత_క్యూఆర్‌పీ
వేరే బాధలు వస్తాయి. ఆడియో స్థాయి కొంచెం ఎక్కువైతే హార్మోనిక్స్ పుట్టి మీ ఒక్క సిగ్నల్ మూడు చోట్ల వినిపిస్తుంది. క్యారియర్, అవతలి సైడ్‌బ్యాండ్ సరిగ్గా అణగకపోతే అవి కూడా వెళ్తాయి. స్పీచ్ ప్రాసెసర్ ఆన్‌లో మరిచిపోతే ఇంకా దారుణం. నేరుగా కీ జాక్‌లోకి పంపడమే మంచిది. సీరియల్ పోర్ట్ లైన్ ద్వారా సాఫ్ట్‌వేర్‌తో కీ చేసినా, కంప్యూటర్ వేరే పనిలో పడ్డప్పుడు డిట్లు సాగుతాయి, ముడుచుకుంటాయి. విన్‌కీయర్ లాంటి విడి కీయర్ ఉంటే టైమింగ్ అదే చూసుకుంటుంది.

శ్రీధర్_40ఎం
పీటీటీ ముందస్తు సమయం 20 మిల్లీసెకన్లు పెట్టాను. లీనియర్ కీ లైన్ మీద 12 వోల్టులే, ఇబ్బంది లేదు. మొదటి డిట్ ఇప్పుడు 38, 39 మిల్లీసెకన్లు కనిపిస్తోంది. డ్రైవ్‌ని 30 నుంచి 20 వాట్లకి దించితే భుజాలు మళ్లీ గుండ్రంగా వచ్చాయి. అవుట్‌పుట్ ఎంత పోతుందో అని భయపడ్డాను కానీ 2 డీబీ కూడా తగ్గలేదు.

ఓవర్‌షూట్ మాత్రం ఇంకా ఉంది. మునుపటంత లేదు, అయినా మొదటి డిట్ మీద స్పష్టంగా కనిపిస్తోంది. క్యారియర్ నాబ్ తగ్గించి చూస్తున్నాను.

మీటర్‌మాస్టారు
ఎస్ మీటర్ మీద ఒక అంకెకి 6 డీబీ. మీరు కోల్పోయింది అందులో మూడో వంతు కూడా కాదు, అవతలివాళ్లకి తేడా తెలియదు. నాబ్‌తో ఓవర్‌షూట్ పోకపోతే అటెన్యుయేటర్ కట్టుకుందురు గాని, దానికి రెసిస్టర్ విలువలు లెక్కేసి ఇస్తాను.

వాటర్‌ఫాల్_వాసు
శ్రీధర్ గారూ, నాబ్ సర్దాక ఒకసారి గాలిలోకి రండి. బ్యాండ్ ఖాళీగా ఉన్న వేళ 7.028 మెగాహెర్ట్జ్ దగ్గర లీనియర్‌తో, 30 వేగంలో, ప్రతి "వీవీవీ"కి మధ్య ఐదేసి సెకన్లు ఆపి పంపండి, అలా ఆపితేనే మొదటి డిట్ బయటపడుతుంది. నేను నాయిస్ బ్లాంకర్ ఆపి, అటెన్యుయేటర్ వేసి, ఇరువైపులా 3 కిలోహెర్ట్జ్ వరకు ఐక్యూ (ఆ బ్యాండ్ ముక్క మొత్తాన్ని దాచే) రికార్డింగ్ తీసి ఇక్కడ పెడతాను. అటెన్యుయేటర్ అవసరమో కాదో ఆ ఫైల్ చూసి తేల్చుకోవచ్చు.

శ్రీధర్_40ఎం
తప్పకుండా వాసు గారూ. పంపే ముందు ఇక్కడే సమయం రాస్తాను. 73 (శుభాకాంక్షలు).